చెక్కకో లెక్క!

నూనె మనకు... చెక్క పశువుకు! నూనెగింజల గురించి చాలామందికి తెలిసిన లెక్క ఇంతే. కానీ గేదెకు బలమిచ్చే చెక్కే పందికి ప్రాణగండం కావచ్చు. ఆవ, పత్తి, వేరుశెనగ, నువ్వు... ఒక్కో గింజలో ఒక్కో మెలిక. ఆ మెలికలు విప్పడానికి శాస్త్రవేత్తలు వందేళ్లుగా తంటాలు పడుతూనే ఉన్నారు. ఎందుకంటే సోయా ధర పెరిగిన ప్రతిసారీ మొదట చితికిపోయేది చిన్న పెంపకందారే!

కొత్తావకాయ జాడీ మూత తీస్తే చాలు, ముక్కుపుటాలు అదురుతాయి. ఆ ఘాటు ఆవపిండి మహిమ. ముక్కల మీద తేలే పప్పునూనె నువ్వుల చలవ. ఆ నూనె తీయగా గానుగలో మిగిలిందే తెలగపిండి. మునగాకు వేసి కూర వండి బాలింతకు పెడితే పాలు బాగా పడతాయని పెద్దవాళ్ల నమ్మకం. ఇక వేరుశెనగ చెక్క, పత్తిగింజల చెక్క అయితే నేరుగా వాకిట్లోని కుడితి తొట్టిలోకే. గేదె కుడితి తాగుతుంది, పాలిస్తుంది. ఆ పాలు మళ్లీ మన ఇంట్లోకే. ఎంత చక్కటి ఏర్పాటు!

ఈ ఏర్పాటులో సులువుగా ఇమడని జంతువు ఒకటుంది. అది పంది. ఏది పెట్టినా తింటుందని దానికి పేరు. దాని పొట్టకు పడనిదంటూ ఉండదని అందరి అభిప్రాయం. నిజానికి తిండి విషయంలో గేదె కంటే పందే సుకుమారి! గేదె హాయిగా తిని అరిగించుకునే పత్తిచెక్కను కొన్ని వారాలపాటు అదేపనిగా పెడితే పంది రొప్పుతూ కూలబడుతుంది. బూజు పట్టిన వేరుశెనగ చెక్క తింటే దాని కాలేయం దెబ్బతింటుంది. ఏ విషమూ లేని చెక్క పెట్టినా ఒక్కోసారి కడుపునిండా తిని కూడా ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోతుంది.

ఎందుకలా?

ఒక్క పొట్ట కష్టాలు

గేదె పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిది పెద్ద పులియబెట్టే కుండ లాంటిది. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. గేదె మేసిన గడ్డినీ చెక్కనీ ముందు అవి తింటాయి. నాసిరకం మాంసకృత్తులు వచ్చినా విడగొట్టుకుని తమ ఒంటిని పెంచుకుంటాయి. ఆ తర్వాత ఆ సూక్ష్మజీవులే గేదెకు ఆహారం. గింజల్లో ఉండే కొన్ని విషాలకు కూడా అక్కడే విరుగుడు జరిగిపోతుంది. అందుకే పాడిరైతు ఏ చెక్క చౌకగా దొరికితే అది కొన్నా పెద్దగా నష్టపోడు.

పందికి ఆ వెసులుబాటు లేదు. దానిది మనలాగే ఒకే అర ఉన్న పొట్ట. మేతలో ఉన్న లోపం మేతతోనే తీరాలి. లోపల సర్దిపెట్టేవాళ్లెవరూ లేరు.

పందుల పెంపకంలో మేతదే సింహభాగం. షెడ్డు, మందులు, కూలి... ఇవన్నీ ఒక ఎత్తు, దాణా ఒక్కటీ ఒక ఎత్తు. మొత్తం ఖర్చులో దాదాపు మూడింట రెండొంతులు దానికే పోతుంది. సీమపంది కిలో బరువు పెరగాలంటే సుమారు మూడు కిలోల దాణా తినాలి. అందులో శక్తి కోసం మొక్కజొన్న, నూకలు, తవుడు కలుపుతారు. కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి సోయా చెక్క వేస్తారు. శక్తినిచ్చేవి చాలావరకు చుట్టుపక్కలే దొరుకుతాయి. చేయి కాలేది సోయా దగ్గరే!

పప్పన్నం సూత్రం

సోయాకి బదులు వేరుశెనగ చెక్క వేస్తే సరిపోదా? రెండింటిలోనూ మాంసకృత్తులు నూటికి 45 పాళ్లకు అటూ ఇటుగా ఉంటాయి కదా! చాలామందికి వచ్చే సందేహం ఇది. చిక్కంతా అక్కడే ఉంది.

మాంసకృత్తులు అనేవి ఒకే పదార్థం కాదు. అమైనో ఆమ్లాలనే ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండలవి. వాటిలో కొన్నింటిని పంది ఒళ్లు తనంతట తాను తయారుచేసుకోగలదు. తొమ్మిది పది రకాలను మాత్రం కచ్చితంగా మేతలోంచే తీసుకోవాలి. వాటిలో అన్నింటికంటే ముందుగా కొరత పడేది లైసిన్. మొక్కజొన్నలో, వరి నూకల్లో, తవుడులో అది తక్కువ. ఆ లోటు పూడ్చాల్సిన బాధ్యత చెక్కది.

పందిరికి నాలుగు గుంజలు పాతారనుకోండి. మూడు పది అడుగులవి, నాలుగోది అయిదు అడుగులది. పందిరి ఎటు ఒరుగుతుంది? పొట్టి గుంజ వైపే కదా. మిగతా మూడూ ఎంత పొడవున్నా ఏం లాభం! లైసిన్ తక్కువైన దాణా సంగతీ అంతే. మిగతా అమైనో ఆమ్లాలు దండిగా ఉన్నా వాటిని కండగా మార్చుకోవడం పందికి సాధ్యం కాదు. వాడుకోలేని మాంసకృత్తుల్లోని నత్రజని మూత్రంలో బయటికి పోతుంది. రైతు పెట్టిన డబ్బు పేడగుంటలో కలుస్తుంది. షెడ్డులో ముక్కు పగిలే అమ్మోనియా వాసన వస్తోందంటే దానికి ఇదీ ఓ కారణమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కిలో సోయా చెక్కలో లైసిన్ సుమారు 28 నుంచి 30 గ్రాములు. అదే వేరుశెనగ చెక్కలో 15 గ్రాములకు అటూ ఇటూ. తెలగపిండిలో దాదాపు 10 గ్రాములే. పొద్దుతిరుగుడు చెక్కలో 12 గ్రాముల దరిదాపుల్లో. అంటే సోయా తీసేసి అంతే తూకం వేరుశెనగ చెక్క వేస్తే మాంసకృత్తులు తగ్గవు గానీ లైసిన్ సగానికి పడిపోతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు... లైసిన్ కొద్దీ కండ!

దీనికి మందు మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. అదే పప్పన్నం. బియ్యంలో లైసిన్ తక్కువ, మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం ఫర్వాలేదు. కందిపప్పులో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పంది దాణాకీ ఇదే సూత్రం. తెలగపిండిలో మెథియోనిన్ బాగా ఉంటుంది. సోయాలో అదే కాస్త తక్కువ. కాబట్టి సోయాని పూర్తిగా తీసేయకుండా కొంత తగ్గించి, ఆ మేరకు తెలగపిండి కలిపితే ఇద్దరూ ఒకరికొకరు తోడవుతారు. ఏ ఒక్క చెక్కా సోయాకి సాటి రాకపోవచ్చు. రెండు మూడు కలిస్తే మాత్రం చాలావరకు దాని పని చేసిపెడతాయి.

రాజుగారు అలిగితే...

ఇంతకీ సోయా ఇంత పెద్ద రాజెలా అయింది? అదీ పుట్టుకతోనే మంచి గింజేమీ కాదు. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలుంటాయి. అమెరికాలో ఆస్బార్న్, మెండెల్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు పచ్చి సోయా పెడితే అవి ఎదగలేదు. ఉడికించి పెడితే ఎదిగాయి. 1917లో వాళ్లు ఆ సంగతి బయటపెట్టారు. అలా వేడి చేయడమనే చిన్న కిటుకుతో సోయా తలుపు తెరుచుకుంది. ఆ వేడి తక్కువైతే విషం మిగులుతుంది, ఎక్కువైతే లైసిన్ మాడిపోతుంది. అన్నం వార్చినట్టే... సమయం చూసి దించాలి!

ఆ తర్వాత సోయాకి ఎదురు లేకుండా పోయింది. గింజలో అయిదో వంతు నూనె అయితే మిగిలినదంతా దాదాపు చెక్కే. ప్రపంచంలోని కోళ్లకూ పందులకూ అదే ఆధారమైంది. ఒకే గుంజకు అందరూ తాడు కడితే ఏమవుతుందో 1973లో తెలిసింది. అంతకుముందు ఏడాది పెరూ తీరంలో చేపల పొడికి వాడే ఆంకోవీ చేపలు పడకుండా పోయాయి. ప్రపంచమంతా సోయా కోసం ఎగబడింది. ధరలు భగ్గుమన్నాయి. సొంత రైతులను, వినియోగదారులను కాపాడుకోవడానికి 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతుల్ని ఆపేసింది. ఆ ఆంక్షలు కొద్ది నెలలే ఉన్నాయి. కానీ సోయా కోసం చాలావరకు అమెరికా మీదే ఆధారపడ్డ జపాన్ బెంబేలెత్తిపోయింది. బ్రెజిల్‌లోని సెరాదో గడ్డి మైదానాల్లో సోయా సాగు పెంచడానికి పెట్టుబడులు పెట్టింది. బ్రెజిల్ ఈ రోజు ప్రపంచంలోనే సోయా ఎక్కువగా పండించే దేశం కావడానికి అదీ ఒక పునాది.

మనకూ అలాంటి అనుభవం 2021లో ఎదురైంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో, మన ఆదిలాబాద్ ప్రాంతంలో సోయా పండుతున్నా ఆ ఏడాది చెక్క ధర అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే రెట్టింపు దాటిపోయింది. కోళ్ల పరిశ్రమ గగ్గోలు పెట్టింది. చివరికి ఆగస్టులో కేంద్రప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. పెద్ద ఫారాల గోడు ఢిల్లీకి వినిపించింది. పది పందులు పెంచుకునే కుటుంబం ఎవరికి చెప్పుకోవాలి?

ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం ఉన్న చైనా కూడా ఇదే బెంగతో ఉంది. 2020లో ఆ దేశం పది కోట్ల టన్నులకు పైగా సోయా గింజలు దిగుమతి చేసుకుంది. 2018లో అమెరికాతో వాణిజ్యయుద్ధం ముదిరాక ఆ ఆధారం ఎంత ప్రమాదమో అర్థమైంది. 2023 ఏప్రిల్‌లో చైనా వ్యవసాయశాఖ ఒక ప్రణాళిక ప్రకటించింది. 2022లో పశుదాణాలో 14.5 శాతంగా ఉన్న సోయా చెక్క వాటాను 2025కల్లా 13 శాతం లోపునకు దించాలన్నది దాని లక్ష్యం. ఒకటిన్నర శాతమేగా అనిపించవచ్చు. అంత పెద్ద దేశంలో అది ఓడలకొద్దీ సోయా!

మరి సోయా తగ్గిస్తే ఆ ఖాళీ ఎవరు పూరించాలి? అక్కడే మిగతా గింజల కథలు మొదలవుతాయి.

అర గింజ చేసిన అద్భుతం

ఆవకాయకు ప్రాణం పోసిన ఘాటే పందికి శత్రువు. ఆవ కుటుంబానికి చెందిన గింజల్లో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలుంటాయి. గింజ నలిగి తడి తగలగానే అవి విడిపోయి ఘాటు పుడుతుంది. పురుగులు దగ్గరికి రాకుండా మొక్క చేసుకున్న ఏర్పాటది. చిటికెడు ఆవపిండి మనకు రుచి. రోజూ కిలోలకొద్దీ దాణా తినే పందికి మాత్రం అది చేదు. మేత మానేస్తుంది. బలవంతాన తిన్నా గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో కెనడా రైతులు ఈ కుటుంబానికే చెందిన రేప్‌సీడ్‌ను విరివిగా పండించారు. ఆ నూనె ఓడల ఇంజిన్లకు కందెనగా పనికొచ్చేది. యుద్ధం ముగిసింది, గిరాకీ పోయింది. ఆ నూనెను వంటకు వాడదామంటే అందులోని ఎరూసిక్ ఆమ్లం గుండెకు మంచిది కాదన్న అనుమానం. చెక్కను పశువులకు పెడదామంటే ఘాటు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

అప్పుడు ఇద్దరు శాస్త్రవేత్తలు నడుం కట్టారు. ఒకరు సస్కటూన్‌లో పనిచేసే కీత్ డౌనీ. ఇంకొకరు ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన మానిటోబా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బాల్డర్ స్టెఫాన్సన్. మంచి గింజ ఏదో తెలియాలంటే దాన్ని నలిపి నూనె పరీక్షించాలి. నలిపితే ఇక మొలకెత్తదు. ఈ చిక్కుముడిని డౌనీ బృందం చిత్రంగా విప్పింది. ఆవగింజంత గింజలోంచి ఒక బద్దను జాగ్రత్తగా కోసి పరీక్షకు పంపేవారు. మొలక ఉన్న రెండో బద్దను దాచేవారు. పరీక్షలో నెగ్గితే దాన్ని నాటేవారు. అలా అర గింజల్ని ఏరి ఏరి ఎరూసిక్ ఆమ్లం లేని మొక్కల్ని సాధించారు. ఘాటు తక్కువగా ఉన్న బ్రొనోవ్‌స్కీ అనే పోలండ్ రకం దొరకడంతో దాన్ని సంకరం చేశారు. 1974లో స్టెఫాన్సన్ 'టవర్' అనే రకాన్ని విడుదల చేశారు. అందులో ఆ రెండు అవలక్షణాలూ తక్కువే. 1978లో ఈ కొత్త పంటకు కెనడా పేరు కలిసొచ్చేలా 'కెనోలా' అని నామకరణం చేశారు.

ఇవాళ హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో కనిపించే కెనోలా నూనె వెనకున్న కథ ఇదే. దాని చెక్కలో మాంసకృత్తులు 36 శాతానికి పైనే. లైసిన్ కిలోకు దాదాపు 20 గ్రాములు. సోయా అంత కాకపోయినా వేరుశెనగ కంటే నయం. ఎదిగే పందుల దాణాలో నూటికి ఇరవై పాళ్ల వరకూ కలిపినా ఎదుగుదల తగ్గడంలేదని పరిశోధనల్లో తేలింది. అయితే ఒక హెచ్చరిక. మన మార్కెట్లో దొరికే మామూలు ఆవచెక్క కెనోలా కాదు. దానిలో ఘాటు అలాగే ఉంటుంది. పేరు దగ్గరదని దాన్ని అంతే మోతాదులో పెడితే పంది మేత ముట్టదు.

పత్తిగింజలో నల్లచుక్క

గుంటూరు నుంచి వరంగల్, ఆదిలాబాద్ దాకా పత్తి పండని జిల్లా అరుదు. కిలో దూది వస్తే కిలోన్నరకు పైగా గింజలొస్తాయి. వాటి చెక్కలో మాంసకృత్తులు మెండు. మరి పందికి పెట్టరేం?

పత్తిగింజను నిలువుగా చీల్చి చూడండి. మిరియపు పొడి చల్లినట్టు చిన్నచిన్న నల్లచుక్కలు కనిపిస్తాయి. ఆ గ్రంథుల్లో ఉండేదే గాసిపాల్. చీడల నుంచి మొక్కను కాపాడే కాపలాదారు అది. పత్తిచెక్క తిన్న పందులు చనిపోవడానికి కారణం గాసిపాలేనని 1915లో అమెరికా శాస్త్రవేత్తలు విదర్స్, కారుత్ తేల్చారు. దీని ప్రభావం గుండె మీద, ఊపిరితిత్తుల మీద ఉంటుంది. పంది డొక్కలెగరేస్తూ రొప్పుతుంది. పైకి ఏ జబ్బూ కనిపించకుండానే ఒకరోజు పడిపోతుంది. పునరుత్పత్తి శక్తినీ ఇది దెబ్బతీస్తుంది. 1970ల్లో చైనాలో దీన్ని మగవారికి గర్భనిరోధక మాత్రగా కూడా ప్రయత్నించి, దుష్ప్రభావాలు చూసి వదిలేశారు.

విరుగుడు లేకపోలేదు. దాణాలో ఐరన్ సల్ఫేట్ కలిపితే అందులోని ఇనుము గాసిపాల్‌ను కట్టిపడేస్తుంది. అప్పుడు కూడా కొద్ది మోతాదే పెట్టాలి. 1950ల్లో అసలు గాసిపాల్ గ్రంథులే లేని పత్తిని సృష్టించారు. తీరా పొలంలో వేశాక ఏమైంది? కాపలాదారు లేని ఇంట్లో దొంగలు పడ్డట్టు పురుగులన్నీ ఆ మొక్కల మీదే పడ్డాయి!

ఆ ముడిని విప్పింది భారత్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాస్త్రవేత్త కీర్తి రాథోడ్. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆయన బృందం గింజలో మాత్రమే గాసిపాల్ తయారీని అణిచేసింది. ఆకులో, కాండంలో దాన్ని యథాతథంగా ఉంచింది. ఇంట్లోవాళ్లకు తలుపు తీసి, దొంగలకు గడియ పెట్టినట్టన్నమాట. 2006లో వాళ్లు తమ ఫలితాలు ప్రకటించారు. 2018లో అమెరికా వ్యవసాయశాఖ ఆ పత్తి సాగుకు, 2019లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ గింజల్ని మనుషులూ పశువులూ తినడానికి ఆమోదం తెలిపాయి. పరిశోధన నుంచి అనుమతి దాకా పట్టిన కాలం పదమూడేళ్లు.

లక్ష టర్కీ కోళ్ల సాక్ష్యం

వేరుశెనగ మనకు మరీ దగ్గర గింజ. అనంతపురం పేరు చెబితే గుర్తొచ్చే పంట. దాని చెక్కంటే పందికీ ఇష్టమే. పుట్టుకతో పెద్ద విషమేమీ లేదు. ప్రమాదం బయటి నుంచి వస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చూస్తుండగానే చనిపోయాయి. కారణం ఎవరికీ అంతుబట్టక 'టర్కీ ఎక్స్' జబ్బు అని పేరు పెట్టారు. తీగ లాగితే డొంక కదిలింది. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క ఉంది. ఆ చెక్కకు బూజు పట్టింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు వదిలే విషానికే అఫ్లటాక్సిన్ అని పేరొచ్చింది.

పంటకాలం చివర్లో వాన మొహం చాటేసినప్పుడు, కాయ నేలలో ఉండగానే ఈ బూజు చేరుతుంది. సరిగ్గా ఆరబెట్టకపోయినా, గోదాములో చెమ్మ తగిలినా పెరుగుతుంది. మామూలుగా ఉడికించినా, కడిగి ఎండబెట్టినా ఈ విషం పోదు. పంది తింటే కాలేయం పాడవుతుంది, జబ్బుల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మనుషుల్లో కాలేయ క్యాన్సర్‌కూ ఇది కారణమే. ఖరీదైన పరికరాలు లేకుండా అఫ్లటాక్సిన్‌ను గుర్తించడానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చౌకగా చేయగల పరీక్షను రూపొందించారు. అయినా మొదటి పరీక్ష రైతు చేతిలోనే ఉంది. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ గలగలలాడేదాకా ఆరబెట్టడమే అది!

మూడు కిలోల మంత్రం

ఇన్ని చెక్కల్లోనూ కామన్‌గా కనిపించే లోటు లైసిన్. ఆ లోటును నేరుగా పూడ్చే దారి జపాన్‌లో దొరికింది. అక్కడి శాస్త్రవేత్తలు 1950ల్లో ఒక రకం బ్యాక్టీరియాకు చక్కెర ద్రావణం తినిపించి అమైనో ఆమ్లాలు తయారుచేయించడం కనుక్కున్నారు. ఇడ్లీపిండి పులియబెట్టినట్టు పెద్దపెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి లైసిన్ పొడి తీస్తారు. దాణా తయారీదారుల దగ్గర ఒక పాత లెక్క ఉంది. మూడు కిలోల లైసిన్ పొడి, 97 కిలోల మొక్కజొన్న కలిస్తే లైసిన్ విషయంలో 100 కిలోల సోయా చెక్కకు సమానం. అలాగని సోయాని మొత్తం ఎత్తేయలేం. కొంత తగ్గించాక మెథియోనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్... ఒక్కొక్కటీ కొరత పడుతూ వస్తాయి. వాటినీ లెక్క చూసుకుంటూ వెళ్లాలి.

దీనివల్ల ఇంకో లాభం. దాణాలో మాంసకృత్తుల్ని ఒక శాతం తగ్గించి, లోటు పడిన అమైనో ఆమ్లాల్ని సరిచేస్తే పంది విసర్జించే నత్రజని ఎనిమిది నుంచి పది శాతం దాకా తగ్గుతుంది. షెడ్డు చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు అది పెద్ద ఊరట.

హోటల్ డబ్బా భయం

ఈ లెక్కలన్నీ పెద్ద ఫారాలకు కదా, చిన్నవాళ్లకెందుకు అనిపించవచ్చు. అసలు అవసరం వాళ్లకే.

2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90.6 లక్షలు. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. అత్యధికం అసోంలోనే, 21 లక్షలు. దేశంలోని పందుల్లో ఎక్కువ భాగం రెండు, నాలుగు, పది చొప్పున పేద కుటుంబాల పెరళ్లలో పెరిగేవే. పిల్లల ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో, పెళ్లికో ఆదుకునే పొదుపు డబ్బు అవి. వాటికి మేత ఏమిటి? హోటళ్లలో, హాస్టళ్లలో మిగిలిన అన్నం, కూరలు. పొద్దున్నే డబ్బాలేసుకుని తిరిగి తెచ్చే ఆ మిగులే చాలామందికి ఆధారం.

2020లో ఆ ఆధారానికి చిల్లు పడింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఈశాన్య రాష్ట్రాల్లో మొదటిసారి బయటపడింది. తర్వాత మిగతా రాష్ట్రాలకూ పాకింది. మనుషులకు సోకదు గానీ పందులకు సోకితే బతికేవి తక్కువ. జబ్బు పడిన పంది మాంసం ముక్క మిగులు కూడులో కలిసి వచ్చినా చాలు, మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. బాగా మరిగించకుండా హోటల్ మిగులు పెట్టవద్దని పశువైద్యులు నెత్తీనోరూ కొట్టుకుంటున్నది అందుకే. ఆ డబ్బా మానేస్తే దాణా కొనాలి. దాణా అంటే సోయా. సోయా అంటే చేయి కాలే ధర. ఎటు వెళ్లాలి?

జవాబు ఆ ఊరి గానుగలోనే ఉండొచ్చు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధన కేంద్రం ఉంది. నాటు పందిని, సీమపందిని కలిపి టి17 అనే సంకర రకాన్ని తయారుచేసిందీ అక్కడే. గౌహతి దగ్గర రాణిలో 2002లో జాతీయ పంది పరిశోధన కేంద్రమే ఏర్పాటైంది. స్థానికంగా ఏ చెక్క దొరుకుతుందో, దాన్ని ఏ వయసు పందికి ఎంత పెట్టాలో ఇలాంటి చోట్ల, దగ్గర్లోని పశువైద్యుల దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. చెక్క కొనడానికి డబ్బు కావాలి. లెక్క తెలుసుకోవడానికి ఒక్కపూట చాలు!

పంది మాంసం ముట్టని ఇళ్లవాళ్లకు కూడా ఈ లెక్కతో సంబంధం ఉంది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. ఇక్కడి నూనెగింజల రైతుకు గిట్టుబాటు కాకపోవడం దానికి ఒక కారణం. మిల్లు యజమాని రైతుకు ఇచ్చే ధర నూనె ఒక్కదాన్ని బట్టే ఉండదు, మిగిలే చెక్క ఎంతకు అమ్ముడవుతుందన్నదీ చూసుకుంటాడు. బూజు లేని వేరుశెనగ చెక్కకు, శుభ్రమైన తెలగపిండికి నమ్మకమైన గిరాకీ ఉంటే గింజకూ విలువ పెరుగుతుంది.

గానుగ తిరిగినప్పుడు అందరి చూపూ కారే నూనె మీదే ఉంటుంది. పక్కన పేరుకునే చెక్కలోనూ ఒక కుటుంబం బతుకు ఉంది!

దాణా కలిపే ముందు...

* తల్లిపాలు మాన్పించిన పిల్లలకు ప్రయోగాలు వద్దు. వాటికి సోయా, మంచి పోషకాలే ముఖ్యం. మార్పులన్నీ ఎదిగిన పందులతో మొదలుపెట్టాలి.

* కొత్త చెక్కను ఒక్కసారిగా మార్చకూడదు. వారం రోజులపాటు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి.

* ఒకే చెక్క మీద ఆధారపడకుండా రెండు మూడు కలపాలి. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది, ఒకదాని విషం మోతాదు మించదు.

* పత్తిచెక్కను చూడి పందులకు, విత్తన పోతులకు, పిల్లలకు పెట్టకపోవడమే మేలు.

* పొద్దుతిరుగుడు చెక్కలో చెప్పుకోదగ్గ విషం లేదు. పొట్టు తీయనిదైతే పీచు మరీ ఎక్కువ. పొట్టు తీసి ఆడించిన చెక్కనే ఎంచుకోవాలి.

* బూజు వాసన వచ్చినా, రంగు మారినా, గడ్డలు కట్టినా వేరుశెనగ చెక్కను పారేయాల్సిందే. మంచి చెక్కతో కలిపి సర్దేద్దామనుకుంటే మంచిదీ పాడవుతుంది.

* గానుగ చెక్కలో నూనె ఎక్కువ మిగులుతుంది. అమ్మకానికి సిద్ధమైన పందులకు వేరుశెనగ గానుగ చెక్క అతిగా పెడితే కొవ్వు గట్టిపడక మెత్తగా జారుతుంది, ధర పలకదు.

* చెక్క బస్తాలను నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు. కింద చెక్క పలకలు వేసి, గాలి ఆడేలా పేర్చాలి.